అడవి కాచిన వెన్నెల ఎవరికి వృథా?

పోస్టు కొంచెం పెద్దదే. టెట్, డీఎస్సీ చదువుకుంటున్నవాళ్లు, వాలంటీర్లుగా, సీఆర్టీలుగా బడుల్లో పని చేస్తున్నవాళ్లు మాత్రం ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. మిగతావాళ్లకి కూడా పనికొస్తుందనే అనుకుంటున్నా, ఎందుకంటే మనందరం ఆ బెంచీల మీద కూర్చుని వచ్చినవాళ్లమే.

నేను భద్రాచలం ఏజెన్సీలో ఒక ఆశ్రమ పాఠశాలలో తెలుగు చెప్తాను. ఎనిమిదో తరగతికి ఒకసారి యూనిట్ టెస్టులో జాతీయాలు ఇచ్చాను. "కింది జాతీయాలను సొంత వాక్యాల్లో రాయండి" అని మనందరికీ తెలిసిన ప్రశ్నే. అందులో ఒకటి "అడవి కాచిన వెన్నెల". గైడులో ఉన్న అర్థం: వ్యర్థం, ఎవరికీ ఉపయోగపడనిది. క్లాసులో అందరూ గైడులో వాక్యమే దించారు. "వాడి చదువు అడవి కాచిన వెన్నెల అయింది." అందరికీ మార్కులు వేశాను. ఒక్క పిల్ల మాత్రం ఇట్లా రాసింది: "అడవి కాచిన వెన్నెలలో మా ఊరోళ్లు తెల్లారేదాకా రేలా ఆడారు."

ఎర్ర పెన్నుతో కొట్టేశాను. సున్నా.

పేపర్లు ఇచ్చినరోజు ఆ పిల్ల నా టేబుల్ దగ్గరికొచ్చి నిలబడింది. "సార్, అడవిలో వెన్నెల కాస్తే మనకే కదా సార్, వృథా ఎట్లా అవుద్ది?" అని అడిగింది. ఎదురు చెప్పాలని కాదు, నిజంగానే అర్థం కాక అడిగింది. నేనేమన్నానో చెప్పడానికి సిగ్గేస్తోంది. "జాతీయానికి అర్థం అదే అమ్మా, అట్లాగే రాయాలి, పోయి కూర్చో" అన్నా. కూర్చుంది.

నేను కోయ పిల్లగాడినే. మా ఊరికి కరెంటు వచ్చేనాటికి నాకు బాగానే జ్ఞానం వచ్చింది. వెన్నెల రాత్రులు అంటే మాకు ఏంటో నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. ఇప్పపువ్వు కాలంలో తెల్లవారుజామున గంపలు పట్టుకుని చెట్ల కిందికి పోయేది ఆ వెలుగులోనే. పక్క ఊరికి నడిచేది ఆ వెలుగులోనే. పెళ్లిళ్లు, పండగలు, ఆటలు అన్నీ దాన్ని చూసుకునే పెట్టుకునేవాళ్లు. అది తెలిసి కూడా ఆ వాక్యం మీద ఎర్ర గీత గీశానంటే, నా కళ్లు పోయి గైడు కళ్లు వచ్చాయన్నమాట.

ఆ రోజు నుంచి జాతీయాల సంగతి నన్ను వదల్లేదు.

ఈ జాతీయం పుట్టించినవాడు ఎక్కడ నిలబడి మాట్లాడాడో ఒకసారి ఆలోచించండి. ఊళ్లో నిలబడ్డాడు. ఊళ్లో కాసిన వెన్నెలని చూసేవాళ్లున్నారు, దానికి విలువుంది. అడవిలో చూసేవాళ్లు ఎవరూ లేరు, అందుకని దండగ. అంటే ఆయన లెక్కలో అడవిలో మనుషులు లేరు. "అరణ్యరోదన" కూడా ఇదే కొలతతో పుట్టింది. అడవిలో ఏడిస్తే వినేవాడు ఉండడట. మా ఊళ్లో ఒకింట్లో ఏడుపు వినిపిస్తే అవతలి గుంపు నుంచి కూడా జనం వస్తారు. సిటీలో అపార్ట్‌మెంట్‌లో ఏడిస్తే పక్క ఫ్లాటువాళ్లు తలుపు తీస్తారో లేదో మనలో హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు చెప్పాలి.

మూడోది ఇంకా ఘోరం. పేపర్లో రోజూ చూస్తుంటాం, "ఆటవిక చర్య", "ఆటవిక న్యాయం", "ఆటవిక రాజ్యం". ఎక్కడో పట్నంలో, చదువుకున్నవాళ్లు గుంపుగా ఒకడిని కొట్టి చంపితే దానికి పెట్టిన పేరు అడవి మీద. ఆటవికుడు అంటే అడవిలో ఉండేవాడు. అంటే మా అయ్య, మీ అయ్య. తెలుగు పాఠంలో "ఆటవికం" పక్కన "క్రూరం" అని రాయించే ప్రతిసారీ ముందు బెంచీలో కూర్చున్న పిల్లలకి మనం ఏం రాయిస్తున్నామో ఆలోచించాలి.

ఇదంతా మాటల గొడవే కదా అనుకోకండి. అడవిలో మనుషులు లేరన్న మాటని పుస్తకంలో జాతీయం అంటారు. అదే మాట సర్కారు కాగితం మీదికెక్కితే రిజర్వు ఫారెస్టు అవుద్ది. అటవీ చట్టాల కింద గీసిన గీతల లోపల మన పోడు, మన ఊళ్లు, మన వేల్పులు పడిపోయాయి, మనం ఆక్రమణదారులమయ్యాం. చివరికి 2006 అటవీ హక్కుల చట్టం తన పీఠికలోనే ఇది చారిత్రక అన్యాయం అని ఒప్పుకోవాల్సొచ్చింది. జాతీయం వల్లే చట్టం వచ్చిందని నేననడం లేదు. రెండూ ఒకే చూపు నుంచి వచ్చాయంటున్నా.

సరే, మరి ఇలాంటి జాతీయాలు తీసెయ్యాలా? గ్రూపులో కొందరు అన్నలు గతంలో అన్నారు, మనల్ని కించపరిచే తెలుగు మాటలు మన పిల్లలకి చెప్పనే వద్దు అని. వాళ్ల కోపం నాకు తెలుసు. కానీ నేను ఒప్పుకోను. ఎందుకో మా ఇంట్లో జరిగింది చెప్తా.

2010 ప్రాంతంలో మా అయ్య పోడు పట్టా కోసం ఒక ఆఫీసు చుట్టూ తిరిగేవాడు. ఏ ఆఫీసో అనవసరం. ఒకరోజు అక్కడ ఒకాయన "కాస్త చెయ్యి తడిపితే పని అయిపోద్ది" అన్నాడట. మా అయ్యకి బజారు తెలుగు బాగానే వచ్చు, సంతలో బేరమాడేంత వచ్చు. ఈ మాట మాత్రం ఆయనకి తెలీదు. అప్పుడే అన్నం తిన్నాడేమో, చెయ్యి కడుక్కోవడానికి అడుగుతున్నాడేమో అనుకుని అక్కడున్న కూజాలోంచి గ్లాసు నీళ్లు ముంచి ఇవ్వబోయాడు. గదిలో ఉన్నోళ్లంతా పడీ పడీ నవ్వారట. ఇంటికొచ్చి నన్ను అడిగాడు, "వాళ్లెందుకు నవ్వార్రా?" అని. నేనప్పుడు పదో తరగతి. జాతీయాల జాబితా మొత్తం నోటికొచ్చు. చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. లంచం అడిగినందుకు కాదు, నీళ్లిచ్చినందుకు నవ్వారని.

అందుకే అంటున్నా, తెలుగు జాతీయాలు మన పిల్లలకి రావాల్సిందే. ఆఫీసులో, కోర్టులో, పేపర్లో, లీడరు ఉపన్యాసంలో అసలు సంగతి ఎప్పుడూ సూటి మాటల్లో ఉండదు. "మీ సమస్య మా దృష్టిలో ఉంది", "ఫైలు కదులుతోంది", "పై నుంచి రావాలి" అంటారు. చేతులెత్తేశాడంటే ఏంటో, మూలన పడేశారంటే ఏంటో, చెవిలో పువ్వులు పెడుతున్నారంటే ఏంటో తెలియకపోతే మనం ఆ గదిలో గ్లాసు పట్టుకుని నిలబడ్డట్టే. మన మీద నవ్వే మాటైతే ఇంకా బాగా తెలియాలి.

రావాల్సిందే అంటున్నా, బట్టీ పట్టాలనడం లేదు. తేడా అక్కడే ఉంది.

ఇప్పుడు బడుల్లో ఎలా చెప్తున్నామో మనకి తెలుసు. బోర్డు మధ్యలో నిలువు గీత. ఎడమ పక్క జాతీయం, కుడి పక్క అర్థం. నీళ్లు నమలడం – సందేహించడం. పెడచెవిన పెట్టడం – వినకపోవడం. కొండెక్కడం – ఆరిపోవడం. పిల్లలు రాసుకుంటారు, పదిసార్లు చూచిరాత రాస్తారు, పరీక్షలో దించుతారు, మర్చిపోతారు. గైడులో ఉన్న వాక్యం తప్ప ఇంకో వాక్యం రాయమంటే చేతకాదు. రాసినా తేడా కొడుతుంది. కొండరెడ్ల పిల్లగాడు ఒకడు "మా అమ్మ పొద్దున్నే కొండెక్కింది" అని రాశాడు. వాళ్లమ్మ రోజూ పోడుకి కొండెక్కేదే, వాడి వాక్యంలో అబద్ధం లేదు. దీపం కొండెక్కడం వాడికి తెలీదు, ధరలు కొండెక్కడం కూడా తెలీదు. చెప్పాల్సిన పద్ధతిలో మనం చెప్పలేదు.

అసలు జాతీయం అంటేనే అందులో మాటల అర్థాలు విడివిడిగా కలుపుకుంటే వచ్చే అర్థం కాదు. నీళ్లు తెలుసు, నమలడం తెలుసు, అయినా నీళ్లు నమలడం తెలీదు. మైదానం ఊళ్లో తెలుగు ఇంట్లో పుట్టిన పిల్లకి దాన్ని ఎవరూ బోర్డు మీద రాసి చెప్పరు. వాళ్ల నాన్న ఎవరి మీదో విసుక్కుంటూ "ఏంట్రా నీళ్లు నముల్తావ్, చెప్పు" అంటాడు. ఆ పిల్ల ఆ మనిషి మొహం చూస్తుంది. అంతే, వచ్చేసింది. బడికొచ్చేసరికి జాతీయాలు సగం దానికి వచ్చే ఉంటాయి, బడి వాటికి పేరు మాత్రం పెడుతుంది. మన పిల్లకి ఆ మొహం కనపడదు. ఒట్టి అక్షరాలే కనపడతాయి. ఇద్దరికీ ఒకే పేపరు, ఒకే మార్కులు, చివరికి "ఏజెన్సీ పిల్లలు తెలుగులో వీక్" అని ఒక మాట.

ఇంకో చిక్కుంది. మన భాషా తెలుగూ దగ్గరి చుట్టాలు కావడం వల్ల వచ్చే చిక్కు. కోయలో ఏరు అంటే నీళ్లు, తెలుగులో ఏరు అంటే వాగు. కోయలో నారు అంటే ఊరు, తెలుగులో నారు అంటే వరినారు. చిన్న తరగతిలో ఒకసారి "నారు పోసినవాడు నీరు పోయడా" అని సామెత చెప్తుంటే ఒక బుడ్డోడు లేచి "ఊరిని ఎట్లా పోస్తారు సార్?" అన్నాడు. నవ్వొచ్చింది కానీ వాడు మొద్దు కాదు. రెండు భాషలు బుర్రలో పెట్టుకుని ఒకదాన్ని ఇంకోదాంతో సరిచూసుకుంటున్నాడు. కోయ రాని టీచరైతే ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలిసేది కాదు, కూర్చోమనేవాడు. అన్నట్టు నాకు కోయ వచ్చు, అయినా వెన్నెల పిల్లని నేను కూర్చోమనలేదా?

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. ఇది నా ఉద్యోగం మొదటి ఏడాదిది. "పొట్ట కొట్టడం" అని ఇచ్చాను. బతుకుతెరువు పోగొట్టడం అని అర్థం. ఆరో తరగతి పిల్ల ఒకతి రాసింది: "మా అయ్య తాగొచ్చి మా అమ్మని పొట్ట మీద కొట్టాడు." నేను ఆ పేపరు తీసుకుపోయి స్టాఫ్ రూములో చదివి వినిపించాను. అందరం నవ్వాం. అర్థం మార్చి రాసింది, సున్నా. సంక్రాంతి సెలవులకి ఆ పిల్లని తీసుకుపోవడానికి వాళ్లమ్మ వచ్చింది. రిజిస్టరులో వేలిముద్ర వేయడానికి వంగలేక బల్ల పట్టుకుంది. అప్పుడు గుర్తొచ్చింది ఆ వాక్యం. మూడు నెలల క్రితం ఆ పిల్ల నాకు ఒక సంగతి చెప్పింది. ఇంకెవరికీ చెప్పలేనిది, పరీక్ష పేపర్లో చోటు దొరికితే చెప్పింది. నేను దాన్ని జాతీయం తప్పుగా రాసిన వాక్యంగా చదివాను.

తప్పు సమాధానం రాసిన ప్రతి పిల్లా ఇలాంటిదే చెప్తోందని కాదు. కానీ సొంత వాక్యం రాయమని అడిగి, సొంతది రాస్తే కొట్టేసి, గైడుది రాస్తే మార్కులిచ్చే పద్ధతిలో ఏదో పెద్ద తేడా ఉంది.

మన పిల్లలకి పోలిక చెప్పడం రాదు, మాటని మెలితిప్పి చెప్పడం రాదు అనే టీచర్లని చాలామందిని చూశాను. మన ఇళ్లలో కాసేపు కూర్చుంటే ఆ మాట అనరు. మా అవ్వ దేన్నీ సూటిగా చెప్పేది కాదు. ఆలస్యంగా లేచినవాడిని తిట్టదు, "ఇప్పచెట్టు కింద పడుకున్నోడికే పువ్వు" అంటుంది, అంతే. చలికాలం నెగడు చుట్టూ కూర్చుంటే పొడుపుకథలు వేసేది, విప్పలేనివాడు రేపు నీళ్లు మోయాలి. మాకెవరికీ ఆమె అర్థం రాయించలేదు. ఉపమేయం, ఉపమానం అనే పేర్లు ఆమెకి తెలీవు. ఆ మాట ఎప్పుడు అనాలో, ఎవరి ముందు అనకూడదో మాత్రం మాకందరికీ వచ్చింది. జాతీయం వచ్చిందంటే అదే కదా.

అలంకారాల పాఠం వచ్చినప్పుడు ఈ సంగతి పిల్లల దగ్గరే తేలింది. ఉపమకి ఏళ్లుగా ఒకటే ఉదాహరణ, ఆమె ముఖం చంద్రబింబంలా అందంగా ఉంది. నాలుగు భాగాలు గుర్తించండి. పిల్లలు గుర్తిస్తారు, ఎవరి ముఖమో ఏంటో వాళ్లకి పట్టదు. ఒకరోజు పుస్తకం మూసేసి, మీ ఇంట్లో ఒక మనిషిని తీసుకుని దేనితోనైనా పోల్చండి అన్నాను. మొదట ఐదు నిమిషాలు చప్పుడు లేదు. తర్వాత ఒకడు "మా అవ్వ చేతులు వేసవి వాగులా పగుళ్లిచ్చాయి" అన్నాడు. ఇంకొకతి "మా అక్క తునికాకు కట్టలా ఉంటది సార్, ఒక్క ఆకు బయటికి రాదు" అంది. యాభై ఆకులు వరసగా పేర్చి బిగించి కట్టే కట్ట చూసినవాళ్లకి ఆ అక్క ఎలాంటిదో ఇంకా చెప్పాలా? వెనక బెంచీలో ఎప్పుడూ నోరెత్తని పిల్లగాడు "మా అన్న పనికి సిటీకి పోయినకాడి నుంచి మా ఇల్లు పువ్వు రాలిపోయిన ఇప్పచెట్టులా ఉంది" అన్నాడు. క్లాసు కాసేపు కదల్లేదు. ఉపమేయం ఏది, ఉపమానం ఏది, సమానధర్మం ఏది అని అడిగితే అందరూ చెప్పారు, ఒక్కడు కూడా తప్పలేదు. చంద్రబింబంతో మూడు పీరియడ్లు పట్టేది.

అప్పటి నుంచి జాతీయాలు కూడా తిరగేసి చెప్తున్నాను. ముందు జరిగింది చెప్తా, తర్వాత మాట. "కంచే చేను మేసినట్టు" అనే సామెతకి బోర్డు ముట్టుకోలేదు. పోడుకి ముళ్లకంచె ఎందుకు కడతారని అడిగాను. అడవి పందులు రాకుండా సార్ అన్నారు. మరి ఆ కంచే లేచి జొన్న తినేస్తే? నవ్వారు. ఇప్పుడు మీకు తెలిసిన అట్లాంటి కంచె ఒకటి చెప్పండి అన్నాను. కాటా దగ్గర తూకం వేసేవాడు అన్నారు, చెక్‌పోస్టులో డబ్బులు తీసుకునేవాడు అన్నారు. ఒకడు లేచి "సార్, మన హాస్టల్లో పప్పు..." అని మొదలుపెట్టి నా మొహం చూసి ఆగిపోయాడు. నీళ్లు నమలడం అంటే ఏంటో ఆ రోజు నేను చెప్పాల్సిన పని లేకపోయింది, వాడి వైపు చెయ్యి చూపిస్తే సరిపోయింది.

జాతీయం వచ్చాక ఇంకో ప్రశ్న అడుగుతా. ఈ మాట అన్నవాడు ఎక్కడుండి అన్నాడు? వరి పండే ఊళ్లోనా, సముద్రం ఒడ్డునా, కోమటి కొట్లోనా, మగవాడా, ఆడదా? తర్వాత, ఇదే సంగతిని మీ ఇంట్లో ఏమంటారు? కోయలో చెప్పండి, గోండీలో చెప్పండి, తండా నుంచి వచ్చినవాళ్లు లంబాడీలో చెప్పండి. ఈ చివరి ప్రశ్నకి పిల్లల మొహాలు ఎలా మారతాయో చూడాలి. కొన్నిటికి ఏమీ దొరకదు, ఇంటికి ఫోన్ చేసినప్పుడు అడిగి వస్తామంటారు. ఆదివారం హాస్టల్ ఫోన్ దగ్గర "అవ్వా, వాగ్దానం చేసి తప్పినోడిని మనం ఏమంటాం?" అని పిల్ల అడుగుతుంటే పక్కన నిలబడి విన్నాను. అవతల ముసలామె ఎంతసేపు చెప్పిందో! వెనక లైన్లో ఉన్నోళ్లు గోల పెట్టారు.

టైం దండగ, సిలబస్ అవ్వదు అని మా స్టాఫ్‌లోనే అంటారు. నిజమే, నెమ్మదిగా సాగుతుంది. ఇరవై జాతీయాలు చెప్పేచోట ఆరేడు వస్తాయి. కానీ అవి ఆరేడూ నిలబడతాయి. జాబితా పద్ధతిలో చెప్పిన ఇరవైలో ఎన్ని నిలబడ్డాయో డీఎస్సీకి మళ్లీ మొదటి నుంచి బట్టీ పడుతున్న మనమే చెప్పాలి.

ఇంకో మాట అనేవాళ్లున్నారు. ఇప్పుడంతా ఇంగ్లిష్ మీడియం, గురుకులాల్లో పిల్లలు ఇంగ్లిష్ జాతీయాలు నేర్చుకుంటున్నారు, కోయ సామెతలతో ఉద్యోగం వస్తదా అని. ఇంగ్లిష్ నేర్చుకోవాలి, నాకు అభ్యంతరం లేదు. కానీ పిల్లులూ కుక్కలూ కురిశాయంటే పెద్దవాన అని బట్టీ పట్టించే క్లాసూ, అడవి కాచిన వెన్నెల అంటే వృథా అని బట్టీ పట్టించే క్లాసూ ఒకటే. ఒక భాషలో మాట వెనక మాట పట్టుకోవడం వచ్చిన పిల్లకి ఇంకో భాషలో అది పట్టుకోవడం తేలిక. ఇంట్లో వచ్చినదాన్ని బడి గుమ్మంలో విడిచి లోపలికి రమ్మంటే ఏ భాషైనా జాబితాగానే మిగులుతుంది.

ఇది నేనేదో కొత్తగా కనిపెట్టానని కాదు. ఆగస్టు 29న ప్రతి బడిలో తెలుగు భాషా దినోత్సవం చేస్తాం, గిడుగు రామమూర్తి ఫోటోకి దండ వేస్తాం. వాడుక భాష కోసం పోరాడాడని స్పీచులు ఇస్తాం. పర్లాకిమిడిలో పనిచేస్తూ ఆయన ముందు సవర నేర్చుకున్నాడని, సవర పిల్లల కోసం వాళ్ల భాషలో పుస్తకాలు రాశాడని, సవర నిఘంటువు తయారు చేశాడని ఎంతమంది స్పీచుల్లో వస్తుంది? జనం మాట్లాడే మాట బడిలో ఉండాలన్న మనిషి మన పిల్లల బడి కూడా చూసినవాడే. ఆదిలాబాద్‌లో కుమ్రం భీం పోరాటం తర్వాత, 1940ల్లో హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో గోండు టీచర్లకి శిక్షణ పెట్టించాడు, గోండీలో వాచకాలు వేయించాడు. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతులకి చదువు మొదలైంది, పుస్తకాలు తెలుగు లిపిలోనే వేశారు. రాజ్యాంగం 350ఎ అధికరణంలో చిన్న తరగతుల్లో మాతృభాషలో చదువు అని ఉంది, 2009 విద్యాహక్కు చట్టంలోనూ వీలైనంతవరకు అని ఉంది. ఆ "వీలైనంతవరకు" అనేదే పెద్ద జాతీయం, దాని అర్థం ఏ గైడులోనూ లేదు.

చిన్న తరగతుల్లో అక్షరాలకే మన భాష, పెద్ద తరగతుల్లో సామెతలు, అలంకారాలు, కవిత్వం వచ్చేసరికి మన భాష మాయం. అక్కడ నాకు బాధ. మన భాష ఆవు, చెట్టు, కుండ చెప్పడానికి పనికొస్తుంది, లోతు మాట చెప్పడానికి పనికిరాదు అని పిల్లలకి చెప్పకనే చెప్పినట్టవుతోంది. 2011 లెక్కల్లో కోయ మా మాతృభాష అని చెప్పినవాళ్లు 4 లక్షల పైనే. గోండీ దాదాపు 30 లక్షలు. ఇంతమందికి కోపం, వెటకారం, దుఃఖం, సరసం ఉండకుండా ఉంటాయా? అవన్నీ సూటి మాటల్లోనే చెప్పుకుంటామా?

కాబట్టి గ్రూపుని ఒకటి అడుగుతున్నా. సెలవులకి ఊరు పోయినప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు అనే మాటలు రాసి పెట్టండి. మీ భాషలో ఎలా అంటారో అలాగే, తెలుగు అక్షరాల్లో. గోండులకి గుంజాల లిపి వచ్చినవాళ్లుంటే అందులో కూడా. అర్థం ఒక్క ముక్కలో తేల్చేయకండి. ఎవరన్నారు, ఏం జరిగినప్పుడు అన్నారు, ఎవరి మీద అన్నారు, అది రాయండి. అది లేకపోతే మనం కూడా ఇంకో గైడు తయారు చేసినట్టే. తిట్లు కూడా రాయండి, సెన్సారు నేను చూసుకుంటా. మనలోనే ఆడవాళ్లనో, పక్క తెగనో చులకన చేసే మాటలుంటే దాచొద్దు. పక్కవాడి సామెత మీద వేసిన ప్రశ్న మన సామెత మీద కూడా వెయ్యాలి కదా. వచ్చినవాటిని మా ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో తెలుగు జాతీయాల పక్కన పెట్టి చెప్తాను, పిల్లలు ఏమన్నారో ఇక్కడే రాస్తాను. వేరే బడుల్లో చెప్తున్నవాళ్లు మీరూ వాడుకోండి.

మన గ్రూపులో అన్ని తెగలవాళ్లూ ఉన్నారు కాబట్టి ఈ పోస్టులో మా అవ్వ మాట తెలుగులో చెప్పాను. కోయలో ఎలా అనేదో విడిగా వాయిస్ పెడతాను, రాస్తే ఆ ఊపు రాదు. మొదటిది ఇప్పచెట్టుది, పైన చెప్పిందే. రెండోది, మా అయ్య పట్టా కోసం తిరుగుతున్న రోజుల్లో ఆఫీసువాళ్ల మీద కోపంతో ఇంట్లో అన్నం మీద అలిగితే అనేది: "వాగు మధ్యలో నీళ్ల మీద అలగకు, ముందు ఒడ్డు చేరు."

వెన్నెల పిల్ల ఇప్పుడు ఇంటర్. పోయిన నెల ఫోన్ చేసినప్పుడు ఆ పేపరు సంగతి ఎత్తాను, తప్పు నాదే అమ్మా, ఆ మార్కులు వేయాల్సిందని చెప్పాను. "ఏ పేపరు సార్?" అంది.